రెండు లక్షలు పెట్టి ఎలక్ట్రిక్ గిటార్ కొంటే మనసులో ఉన్న టోన్ వస్తుందా?

అడిగినాయనది ప్రొద్దుటూరు. ఆరేళ్లలో నాలుగు ఎలక్ట్రిక్ గిటార్లు కొన్నారు, మూడు అమ్మేశారు. "ఏది తెచ్చినా రెండు నెలలకే మనసు విరిగిపోతోంది. తలలో మోగే టోన్ చేతికి రావడం లేదు. ఇప్పుడు ఈఎంఐ మీద అమెరికాలో తయారైన ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటారు తీసుకుందామనుకుంటున్నాను. దగ్గర దగ్గర రెండు లక్షలు. దాంతోనైనా ఈ వెతుకులాట ఆగుతుందా?" అని ప్రశ్న.

ఆగదండీ. ఆ అప్పు నేనొకసారి చేసి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ముందు చేతిలో ఉన్న ఆ నాలుగో గిటారుకి సెటప్, అంటే తీగల ఎత్తు, మెడ వంపు, శ్రుతి సరిచేసే పని, చేయించండి. తర్వాత దాని జాక్ దేంట్లో పెడుతున్నారో చూసుకోండి. ఈ రెండూ సరిచేశాక కూడా మనసు ఒప్పకపోతే అప్పుడు కొత్తది కొనండి. అప్పుడు కూడా నెక్ (చేత్తో పట్టుకునే గిటారు మెడ) చూసి కొనండి, దాని కొసన హెడ్‌స్టాక్ మీదుండే కంపెనీ పేరు చూసి కాదు.

నా సంగతి చెబుతాను. మాది అనంతపురం. 24 ఏళ్లుగా మోటార్ వైండింగ్ షాపు. మా దగ్గర బోర్లలో నీళ్లు ఎంత లోతుకు దిగితే మా షాపుకు మోటార్లు అన్ని వస్తాయి. పగలంతా రాగితీగ, రాత్రి గిటారు తీగ. కొన్నాళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించాను, ఇప్పుడు ఆదివారాలు చర్చిలో మాత్రమే. ఎలక్ట్రిక్ గిటారు మొదటిసారి చూసింది గుంతకల్లు రైల్వే కాలనీలో, ఒక క్రిస్మస్ రాత్రి. అప్పుడు నాకు పదిహేనేళ్లు. ఎర్ర గిటారు, తెల్ల ప్లాస్టిక్ ప్లేటు. ఆ మోత ఇంకా చెవిలోనే ఉంది. ఆ మోత కోసమే ఇప్పటికి తొమ్మిది గిటార్లు కొన్నాను. ఇంట్లో మిగిలినవి రెండు. గిటార్లు తయారుచేసేవాడిని కాను. రిపేరు చేసుకునేవాడిని, చెడగొట్టి నేర్చుకున్నవాడిని.

సెటప్ మాట ముందెందుకు ఎత్తానో చెబుతాను. నా మూడో గిటారు ఇండోనేషియా సరుకు, నల్లది. రెండేళ్లు వాడి, "ఇందులో ప్రాణం లేదు" అని తొమ్మిది వేలకు అమ్మేశాను. ఏడాది తర్వాత తాడిపత్రిలో ఒక పెళ్లికి వెళితే స్టేజీ మీద ఒక పిల్లాడు వాయిస్తున్నాడు. సోలో వచ్చేసరికి నేను చేతిలో విస్తరాకు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నోటు నోటుకీ నిండుదనం, తీగ లాగితే కమ్మగా సాగుతోంది. గిటారు వంక చూస్తే కింది అంచున పెచ్చు లేచిన గుర్తు. అది నేను మేకు తగిలించుకున్న చోటు! నా గిటారే. కిందికి దిగాక ఏం చేశావని అడిగాను. "ఏం ల్యాదన్నా, తీగలు మార్చి, రాడ్డు పావు తిప్పు తిప్పినా, అంతే" అన్నాడు. ఆ రాత్రి భోజనం సరిగ్గా ఎక్కలేదు.

ఆ "అంతే" ఏమిటో చూడండి. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. తీగలన్నీ కలిసి నెక్‌ను ముందుకు లాగుతుంటే ఈ కడ్డీ వెనక్కి పట్టి ఉంచుతుంది. లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర ఒక వేలితో, నెక్ బాడీలో కలిసే చోట ఇంకో వేలితో నొక్కండి. ఏడో ఫ్రెట్, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. అంటే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. సందు మరీ ఎక్కువుంటే రాడ్డును బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒక్కసారికి పావు తిప్పుకు మించి తిప్పకండి. తిప్పి ఒక రాత్రి వదిలేయండి, కొయ్య సర్దుకుంటుంది. గట్టిగా ఉందనిపిస్తే అక్కడితో ఆపి తెలిసినవాళ్లకు ఇవ్వండి. విరిగిన రాడ్డు బాగుచేయడానికయ్యే ఖర్చుకి ఇంకో గిటారు వస్తుంది.

తర్వాత యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగ ఎంత ఎత్తులో ఉందో. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావు వైపు 2 మిల్లీమీటర్లు, సన్న వైపు ఒకటిన్నర ఉంటే చాలామందికి సరిపోతుంది. ఆ తర్వాత ఇంటొనేషన్. 12వ ఫ్రెట్ మీద నొక్కి మీటిన స్వరం, ఖాళీ తీగ స్వరానికి సరిగ్గా రెట్టింపు శ్రుతిలో ఉండాలి. ట్యూనర్ పెట్టి చూడండి. ఎక్కువ చూపిస్తే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) మీది శాడిల్‌ను, అంటే ఆ తీగ కిందున్న చిన్న ముక్కను, వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకి జరపండి. ఇది సరిలేని గిటారు మీద నాలుగైదు స్వరాలు కలిపి ఒకేసారి మీటితే ఎక్కడో పుల్లగా తగులుతుంది. మనం దాన్ని "టోన్ బాగాలేదు" అనుకుంటాం. అసలు జబ్బు శ్రుతిది.

ఇందులో మన రాయలసీమకు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మాది. మార్చి వచ్చేసరికి కొయ్య ఎండి ముడుచుకుంటుంది, ఫ్రెట్లు లోహం కాబట్టి ముడుచుకోవు. నెక్ అంచు మీద చెయ్యి జారిస్తే ఫ్రెట్ల కొసలు రంపంలా గీరుకుంటాయి. ఏప్రిల్‌లో కూలర్ పెడతాం. అదే గదిలో గిటారు గోడకు వేలాడుతుంటే తేమ తాగి నెక్ ఇంకో వైపు కదులుతుంది. అందుకే "నెలనాడు బాగానే ఉండె, ఇప్పుడు ఏమో అయింది" అనిపిస్తుంది. మీ రెండు నెలల విరక్తికి కారణం ఇదే కావచ్చు. ఏ నెలల్లో కొన్నారో, ఏ నెలల్లో మనసు విరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. నేనైతే వేసవిలో గిటారును పెట్టెలోనే ఉంచుతాను. పక్కన బెజ్జాలు పెట్టిన సోపు డబ్బా, అందులో తడిపి గట్టిగా పిండిన స్పాంజి. పెట్టెలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే కొయ్యకు సుఖం. ఏడాదికి రెండుసార్లు, ఉగాది దాటాక ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి, రాడ్డు చూసుకుంటే చాలు.

ఇక జాక్ దేంట్లో పెడుతున్నారు? మీరు ప్రశ్నలో ఈ మాటే రాయలేదు. నా అనుమానం: హోమ్ థియేటరో, బ్లూటూత్ స్పీకరో, లేకపోతే సౌండ్ సర్వీస్ వాళ్ల మిక్సరో. ఆర్కెస్ట్రా రోజుల్లో నేనూ నాలుగేళ్లు అదే చేశాను. డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలనే గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే దోమల గుంపు లేచినట్టు జుయ్యిమనేది. గిటారును తిట్టుకునేవాడిని. గిటారు ఆంప్లిఫయర్‌లో ఉండే 12 అంగుళాల స్పీకరు 5,000, 6,000 హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. రికార్డుల్లో మనం విని మోజుపడిన ఎలక్ట్రిక్ గిటారు అంతా అలాంటి స్పీకరు వడకట్టిన శబ్దమే. మామూలు బాక్సు ఆ పై శబ్దాన్ని కూడా ఉన్నదున్నట్టు బయటికి పంపుతుంది. అదే ఆ దోమల మోత.

ఇంకో సంగతి, గిటారు పికప్, అంటే తీగ కదలికను కరెంటుగా మార్చే భాగం, బలహీనమైన మనిషి లాంటిది. దానికి ఎదురుగా 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ ఉంటే హాయిగా పాడుతుంది. మైకు పెట్టే ఇన్‌పుట్‌లో కొన్ని వేల ఓమ్‌లే ఉంటాయి. అందులో గుచ్చితే పై స్వరాలన్నీ చచ్చి, దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది. మిక్సర్‌లోకే వెళ్లక తప్పకపోతే మధ్యలో డీఐ బాక్సో (గిటారు సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె), స్పీకర్ సిమ్యులేషన్ (గిటారు స్పీకరులా వడకట్టే సదుపాయం) ఉన్న మల్టీ ఎఫెక్ట్ పెడలో పెట్టండి. మీరనుకుంటున్న రెండు లక్షల్లో పదో వంతు దీని మీద పెడితే, ఇప్పుడున్న గిటారునే మీరు గుర్తుపట్టలేరు.

పికప్‌ల దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఇది నా వృత్తి కాబట్టి. అయస్కాంతాల చుట్టూ ఎనామిల్ పూసిన రాగితీగ చుట్టడమే పికప్. స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) లాంటి వాటిలో ఉండే సింగిల్ కాయిల్‌కి, అంటే ఒకే చుట్ట ఉన్న పికప్‌కి, దాదాపు 8,000 చుట్లు. తీగ 42 గేజు అంటారు కానీ అది అమెరికా గేజు. మన షాపుల్లో వాడే లెక్కలో 46కి దగ్గర, మందం 0.063 మిల్లీమీటర్లు. వెంట్రుక లాంటిది. నా ఐదో గిటారులో మధ్య పికప్ చచ్చిపోతే, ఇన్ని మోటార్లు చుట్టినవాడిని ఇదెంత అని ఫ్యాన్ కాయిళ్ల మెషీన్‌కి ఎక్కించాను. మొదటిసారి ఏడొందల చుట్ల దగ్గర తెగింది. రెండోసారి రెండు వేల దగ్గర. మూడోసారి తీగ తెగలేదు, కౌంటరు ఆగిపోయింది, ఎన్ని చుట్లయ్యాయో తెలియక విప్పేశాను. నాలుగోసారి ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, తీగను రెండు వేళ్ల మధ్య నుంచి కాక పాత బనియను గుడ్డ మధ్య నుంచి వదులుతూ చుట్టాను. బయట రైతు మోటారు కోసం అరుస్తున్నాడు. "ఏమప్పా, లోపల యాగం చేస్తాండావా?" అని. చివరి చుట్టు పడ్డాక మీటరు పెడితే 5.9 కిలో ఓమ్‌లు చూపించింది. బోరు మోటారు పైకి నీళ్లు తోసినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

అక్కడే ఒక భ్రమ కూడా పోయింది. గిటారు మనుషులు "దీని పికప్ 6.0, దానిది 6.3" అని తెగ లెక్కలు వేస్తుంటారు. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, వైండింగ్ షాపులో పనికి కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుసు. 20 డిగ్రీలు పెరిగితే దాదాపు 8 శాతం. అంటే బెంగళూరు ఏసీ గదిలో 6.0 ఉన్న పికప్, మే నెలలో మా షాపులో 6.4 దాటుతుంది. టోన్‌లో మార్పేమీ ఉండదు. ఆ అంకెను చూసి పికప్‌లు మార్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. చుట్లు పెంచితే శబ్దం పెరిగి పై స్వరాలు మందగిస్తాయి, అది నిజం. కానీ పికప్‌ను స్క్రూడ్రైవర్‌తో ఒకటిన్నర మిల్లీమీటర్లు కిందికి దించితే వచ్చే తేడా కూడా తక్కువేం కాదు, పైసా ఖర్చు లేదు. తీగలకు మరీ దగ్గరగా ఉంటే సింగిల్ కాయిల్ అయస్కాంతాలు తీగనే లాగి స్వరాన్ని వణికిస్తాయి. దించి చూడండి.

మీ గిటారు శబ్దం గీరినట్టు, చెవిలో గుచ్చినట్టు ఉంటే ఇంకోటి చూడండి. సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌ల వాల్యూం పాట్ (వాల్యూం గుబ్బ కిందుండే భాగం), రెండు కాయిళ్ల పికప్ అయిన హంబకర్‌కు 500 వాడటం ఆనవాయితీ. కదిరి నుంచి ఒకాయన తెచ్చిన గిటారులో ఎవరో రిపేరు చేసి సింగిల్ కాయిళ్లకు 500 పెట్టేశారు. కొత్త పికప్‌లు కొంటానని డబ్బుతో సహా వచ్చాడాయన. వాల్యూం పాట్ రెండు చివరి కాళ్ల మధ్య 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి టంకం పెట్టాను. రెండూ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిస్తే 242 కిలో ఓమ్‌లు అవుతాయి. ఆ రెసిస్టరు ఖరీదు రూపాయో రెండో. ఆయన మళ్లీ మళ్లీ మీటి చూసుకుని, "ఇంతేనా?" అన్నాడు. ఇంతే అంటే ఆయనకు కొంచెం నిరాశగా కూడా ఉన్నట్టుంది!

గుయ్యిమనే హమ్ మాట కూడా. సింగిల్ కాయిల్ అన్నాక చుట్టుపక్కల కరెంటు మోత కొంత పట్టుకుంటుంది. మీరు తిరిగి కూర్చుంటే తగ్గుతుంది, పెరుగుతుంది. దీనికి విరుగుడుగానే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో హంబకర్ కనిపెట్టాడు. రెండు కాయిళ్లు ఒకదానికొకటి తిరగేసి కలిపితే బయటి మోత కొట్టుకుపోయి తీగ మోత మిగులుతుంది. తీగ ముట్టుకుంటే హమ్ తగ్గుతుందా? భయం లేదు, అది మామూలే. ముట్టుకుంటే పెరిగినా, మైకుకి పెదవి తగిలినప్పుడు జివ్వుమన్నా వెంటనే ఆపండి. పల్లెల్లో వేసవికి ఎర్త్ గుంత ఎండిపోతుంది, జనరేటరు పెట్టే చోట అసలు ఎర్తే ఉండదు. మల్టీమీటరు ఏసీలో పెట్టి గిటారు తీగకీ మైకు తలకీ మధ్య కొలవండి. వోల్టేజీ కనబడితే పాటకన్నా ముందు ఎలక్ట్రీషియన్ కావాలి. నేను ఒకసారి స్టేజీ మీద మూర్ఛపోవడం తప్పించుకున్నాను, అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు నా అప్పు కథ. ఏడో గిటారు. అమెరికా సరుకే. బెంగళూరు వెళ్లి, షాపులో ఏసీ గదిలో, పెద్ద వాల్వ్ ఆంప్లిఫయర్‌లో పెట్టి పది నిమిషాలు వాయించి కొనేశాను. బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని హిందూపురం దాకా నిద్రపోలేదు. మంచి గిటారు. దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇంటికొచ్చి నా చిన్న ఆంప్‌లో పెడితే నా పాత గిటారు లాగే మోగింది. నేను షాపులో విన్నది సగం ఆ ఆంప్లిఫయర్‌ని. రెండోది, నాకు అరచేయి పెద్దది. ఆ నెక్ సన్నం. అరగంటకే బొటనవేలి కింద నొప్పి. పది నిమిషాల్లో అది తెలియలేదు. మూడోది, దాన్ని చర్చికి తీసుకెళ్లాలంటే భయం. పిల్లలు తగిలితే? బండి మీద పడిపోతే? పెట్టెలోనే ఉండేది. నెల నెలా వాయిదా మాత్రం పెట్టె బయటే ఉండేది. పద్నాలుగు నెలలకు అమ్మేశాను, 31 వేలు పోయాయి. మా ఇంటావిడ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

మీరు ఎవరి టోన్ కోసం స్ట్రాట్ అంటున్నారో రాయలేదు. పింక్ ఫ్లాయిడ్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ అయితే ఒక సంగతి వినండి. ఆయన నల్ల స్ట్రాట్ 2019 జూన్‌లో న్యూయార్క్ వేలంలో 39.75 లక్షల డాలర్లకు పోయింది. 1970లో షాపులో కొన్న మామూలు గిటారు అది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నెక్‌లు మార్చాడు, పికప్‌లు మార్చాడు, స్విచ్చులు కలిపాడు. దాన్ని తన చేతికి తగ్గట్టు చేసుకుంటూనే పోయాడు. స్ట్రాట్‌ను 1954లో అమ్మకానికి తెచ్చిన లియో ఫెండర్ అయితే రేడియో రిపేరు షాపు మనిషి. ఆయనకు గిటారు వాయించడమే రాదు. నెక్‌ను స్క్రూలతో బిగించింది, పాడైతే విప్పి మార్చుకోవచ్చని. రిపేరు మనిషి ఆలోచన అది, నాకు బాగా నచ్చుతుంది. అలాంటి వస్తువును అద్దాల బీరువాలో పెట్టి పూజించడం నాకు మాత్రం అర్థం కాదు.

మన పాలకొల్లు యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. ఆ వాయిద్యం దానికోసం పుట్టింది కాదు. గమకం పలికింది వేలిలో. మీరు కూడా మన పాటల్లో గమకాలు కావాలనుకుంటే, లక్షలు పెట్టే ముందు 9 (అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు) నుంచి మొదలయ్యే సన్న తీగల సెట్టు వేసి చూడండి. 10ల మీద లాగలేని సంగతులు 9ల మీద వస్తాయి. తీగల సెట్టు ఆరేడు వందలు.

కొయ్య గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. గట్టి బాడీ ఉన్న ఎలక్ట్రిక్‌లో కొయ్య వల్ల వచ్చే తేడా స్పీకరు, పికప్, తీగల తర్వాతే అని నా అభిప్రాయం. కొట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, కొట్లాడనివ్వండి. మీ కడప జిల్లా కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను "ఎర్రచందనంతో గిటారు చేస్తే ఎట్లుంటాదన్నా?" అని అడిగారు. జపాన్‌లో షమిసెన్ అనే వాయిద్యానికి దాన్ని ఎంతో విలువగా వాడతారు, నిజమే. కానీ భుజం మీద మోయలేనంత బరువు, పైగా పోలీసు కేసు. ఆ ఆలోచన వదిలేయండి.

ఇంతా చెప్పాక కూడా కొంటానంటే కొనండి, నేను తొమ్మిది కొన్నవాడిని, వద్దనే అర్హత నాకు లేదు. కానీ ఇలా కొనండి. మీ ఆంప్‌నో పెడల్‌నో వెంట తీసుకెళ్లండి. ముందు కరెంటు లేకుండా వాయించండి. నలభై నిమిషాలకు తక్కువ కాకుండా. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి, ఎక్కడైనా చచ్చిన స్వరం ఉందేమో వినండి. తీగ లాగినప్పుడు పై ఫ్రెట్లలో ఆగిపోతోందేమో చూడండి. స్కేలు పొడవు, అంటే నెక్ పైకొస నుంచి బ్రిడ్జ్ దాకా తీగ మోగే పొడవు, అడగండి. ఫెండర్ వాళ్లది సాధారణంగా 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ వాళ్లది 628. పొట్టి స్కేలు మీద అదే తీగ మెత్తగా ఉంటుంది. మీరు అమ్మేసిన మూడూ పొడుగు స్కేలువే అయితే, మీకు కావలసింది ఇంకో స్ట్రాట్ కాకపోవచ్చు. మెక్సికో, ఇండోనేషియా సరుకులో కూడా చక్కటి నెక్‌లు దొరుకుతాయి. ఒకే మోడల్ రెండు గిటార్ల మధ్య కూడా తేడా ఉంటుంది కాబట్టి ఫొటో చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకోకండి.

ఇప్పుడు నేను వాయించేది ఒక బాడీ, ఇంకో గిటారు నెక్, నేను చుట్టిన మధ్య పికప్ కలిపిన అతుకుల బొంత. రంగు కూడా సరిగ్గా కలవదు. నెక్ లావు, నా చేతికి రోకలి పట్టినట్టు నిండుగా ఉంటుంది. ఎనిమిదేళ్లయింది. మే నెలలో మూడో తీగ శ్రుతి నిలవదు, నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో పెన్సిల్ పొడి రాస్తుంటాను. గుంతకల్లు మోత రాలేదు. ఎప్పుడైనా రాత్రి పన్నెండింటికి ఫోనులో సెకండ్ హ్యాండ్ గిటార్ల ప్రకటనలు చూస్తుంటాను, ఎర్రది, తెల్ల ప్లేటుది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

మీరు మాత్రం ఈ వారంలో మూడు సంగతులు ఇక్కడ రాయండి: 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు, ఏడో ఫ్రెట్ దగ్గర సందు, జాక్ దేంట్లో పెడుతున్నారో ఆ పెట్టె పేరు. చూసి చెబుతాను. గిటారు పట్టుకుని తాడిపత్రి మీదుగా ఇక్కడికే వస్తానంటే ఇంకా మంచిది, కానీ వానలు పడ్డాకే రండి. ఇప్పుడు షాపు నిండా కాలిన మోటార్లు, గిటారు పెట్టె దించడానికి కూడా చోటు లేదు.